సీలు తీయని రోబో

ఉత్తర్వు కనబడితే చాలు, నూకరాజు చేతులు వాటంతటవే పనిలో పడిపోయేవి. బుర్ర ఆ తర్వాత ఎప్పుడో తీరిగ్గా వచ్చి కలిసేది. కోనపేట శాఖా గ్రంథాలయానికి గ్రంథపాలకుడిగా వచ్చిన నాటి నుంచి ఈ అలవాటు వల్ల అతనికి చెడ్డపేరు రాలేదు. మంచిపేరూ రాలేదు. ఒకసారి "ఫ్యాన్లు వేసవిలో మాత్రమే వాడవలెను, వేసవి ఎప్పటి నుండి అన్నది తరువాత తెలియజేయబడును" అని కాగితం వస్తే, ఆ తెలియజేయడం కోసం మే నెలాఖరు దాకా చెమటలు కక్కుతూ ఎదురుచూసిన మనిషి. పాఠకులు పేపర్లతో విసురుకున్నారు. నూకరాజు ఆ ఉత్తర్వుతోనే విసురుకున్నాడు.

అలాంటివాడు రోబోటిక్స్ జోలికి ఎందుకు వెళ్ళాడంటే, భయపడి వెళ్ళాడు. జిల్లా సమావేశంలో ఉపసంచాలకులు సర్వారాయుడుగారు ఒక్కొక్కరినీ లేపి అడుగుతున్నారు: "యువత హాజరు లేని శాఖలను సమీప శాఖలయందు విలీనం చేయుటకు సూత్రప్రాయంగా నిర్ణయించడమైనది. మీ శాఖకు యువత వచ్చుచున్నదా?" ఆయన ఇంట్లో కూర అడిగినా ఇలాగే అడుగుతారని ఆఫీసులో చెప్పుకుంటారు.

కోనపేటకి యువత వచ్చే మాట నిజమే. కూజాలో చల్లటి నీళ్ళ కోసం ఒకరిద్దరు, ఫోను చార్జింగు పెట్టుకోవడానికి ముగ్గురు నలుగురు వస్తారు. పుస్తకం అడిగినవాడు ఈ మధ్యకాలంలో ఒక్కడే. వాడూ కిటికీ రెక్క కొట్టుకోకుండా అడ్డం పెట్టడానికి లావుపాటిది ఏదైనా ఉందా అని అడిగాడు. ఈ సంగతి చెబితే గ్రంథాలయం మూతపడుతుంది. పెచ్చులూడిన ఆ గదులు, రెండు బల్లలు, పేపర్ల కోసం పొద్దున్నే వచ్చే పెద్దవాళ్ళు, అన్నీ పోతాయి. నూకరాజు వంతు వచ్చింది. నిలబడ్డాడు. ఆ రోజు పొద్దున పేపరు జిల్లా పేజీలో చూసిన మాట ఒకటి నాలుక మీద ఉంది. అదే బయటికొచ్చేసింది.

"మా దగ్గర రోబోటిక్స్ నేర్పుతున్నామండి."

హాలంతా అతనికేసి తిరిగింది. రోబోటిక్స్ గురించి నూకరాజుకి తెలిసింది దాన్ని ఎలా పలకాలన్నది ఒక్కటే, అదీ అరకొరగా.

"భేష్!" అన్నారు సర్వారాయుడుగారు. "యువ రోబోటిక్స్ పథకమునకు మీ శాఖను ప్రయోగాత్మకంగా ఎంపిక చేయడమైనది."

అలా అబద్ధం చెప్పి గ్రంథాలయాన్ని కాపాడుకున్నాడు. ఇక ఆ అబద్ధాన్ని నిజం చేసే పని మిగిలింది. బస్సులో ఇంటికి వస్తున్నంతసేపూ తన నోటిని తానే తిట్టుకున్నాడు.

పెట్టె వచ్చింది. లక్కతో సీలు వేసిన పెద్ద పెట్టె. దానిమీద రంగురంగుల బొమ్మ: చక్రాలు, రెండు కళ్ళు ఉన్న ఒక చిన్న బండి, దాని నెత్తిమీద ఒక పుస్తకం. పెట్టెతో పాటు ఉత్తర్వు. "జిల్లా గ్రంథాలయ సంస్థ గౌరవ అధ్యక్షులవారి అమృతహస్తములచే ప్రారంభోత్సవం జరుగువరకు సీలు తీయరాదు. శిక్షణను మాత్రం తక్షణమే ప్రారంభించి ప్రతి నెలా పురోగతి నివేదిక పంపవలెను."

నూకరాజు చేతులు పెట్టెను అద్దాల అల్మైరాలో పెట్టి తాళం వేసేశాయి. ఆ తర్వాత బుర్ర వచ్చింది. ఫోను చేశాడు.

"అయ్యా, పెట్టె తెరవకుండా నేర్పడం ఎలాగండి?"

"శిక్షణ వేరు, పరికరం వేరు నూకరాజుగారూ. రెంటినీ కలపకండి. కలిపినచో ఆడిట్ వారు ఆక్షేపిస్తారు."

"మరి ప్రారంభోత్సవం ఎప్పుడండి?"

"తేదీ పరిశీలనలో ఉన్నది."

అది చాలా నెలలు పరిశీలనలోనే ఉంది. మొదట మూఢమన్నారు. మూఢం వెళ్ళాక అధ్యక్షులవారు పళ్ళు కట్టించుకుంటున్నారన్నారు. పళ్ళు వచ్చాక, కొత్త పళ్ళతో ఉపన్యాసం అలవాటు కావాలన్నారు.

పిల్లలు మాత్రం మొదటి రోజే వచ్చేశారు. రోబో అన్న మాట వీధిలోకి పొక్కగానే మునిసిపల్ హైస్కూలు నుంచి పది పన్నెండు మంది చెప్పులు గుమ్మంలో విసిరేసి లోపలికి దూసుకొచ్చారు. అందరికంటే ముందు వచ్చింది కెజియా. తొమ్మిదో తరగతి. తమ ఇంట్లో తను విప్పని వస్తువు లేదని, అందులో కొన్ని మళ్ళీ పనిచేశాయని ఆ అమ్మాయే చెప్పుకుంది. వచ్చీ రాగానే అల్మైరా అద్దానికి ముక్కు ఆనించి నిలబడింది.

"ఎప్పుడు తీత్తారండి?"

"త్వరలో" అన్నాడు నూకరాజు. ఉద్యోగంలో నేర్చుకున్న మొట్టమొదటి మాట అది.

అప్పటిదాకా కాలక్షేపానికి విజ్ఞాన సర్వస్వం తీసి 'యంత్రములు' అనే అధ్యాయం గట్టిగా చదివి వినిపించాడు. అది అచ్చయిన నాటికి రోబోలు ఇంకా లేవు. నీటి మరల దగ్గర పిల్లలు ఆవలించారు, గానుగ దగ్గర ఇద్దరు లేచి వెళ్ళిపోయారు. తర్వాత పెట్టె మీద ఉన్న సూచనలు నేర్పాడు: ఎండలో ఉంచరాదు, తడపరాదు, తలకిందులు చేయరాదు. రెండో వారం వచ్చేసరికి నలుగురు మిగిలారు. నూకరాజుకి విలీనం కళ్ళముందు కనబడింది.

ఆ సాయంత్రం కెజియా బల్ల దగ్గరికి వచ్చింది.

"సార్, పెట్టి ఎలాగూ తియ్యనివ్వరు కదండీ. మాలో ఒకళ్ళం రోబో అయిపోతే?"

"అయిపోవడమేంటమ్మా?"

"నేను రోబోనండి. నాకు సొంతంగా ఏం తెలీదు. మీరు చెప్పిందే చేస్తాను. చెప్పంది చెయ్యను. ఎందుకని అడగను."

నూకరాజు తలెత్తి చూశాడు. ఈ ఉద్యోగంలో చేరిన రోజున తనూ అచ్చం ఇలాగే అనుకున్నాడు.

గదిలో ఓ మూల కార్డుల బీరువా ఉంది. ఒకప్పుడు ప్రతి పుస్తకానికీ ఒక అట్టకార్డు ఉండేది. కార్డు అడుగున చిల్లు, సొరుగులో కార్డులన్నిటి చిల్లుల్లోంచీ ఒక ఇనపచువ్వ. ఎవరెంత తిరగేసినా వరస చెదరదు. కంప్యూటరు వచ్చాక కార్డులు పక్కన పెట్టేశారు. తర్వాత కంప్యూటరు పాడైంది. కార్డులు మాత్రం భద్రంగా ఉన్నాయి. వాటి వెనకవైపంతా ఖాళీ.

"వరసే కదండీ మనకి కావాల్సింది" అంది కెజియా. ఒక్కో కార్డు వెనక ఒక్కో పని రాశారు. నాలుగడుగులు ముందుకు. ఎడమకి తిరుగు. చెయ్యి చాపు. చువ్వకి గుచ్చారు. సీలింగ్ ఫ్యాను వచ్చిన అట్టపెట్టెకి రెండు కన్నాలు చేసి కెజియా నెత్తిమీద బోర్లించారు. ఒకరు కార్డులు చదవాలి, రోబో చెయ్యాలి.

మొదటి పని ఏమిటన్నది వెతుక్కోనక్కర్లేకపోయింది. ఆ గ్రంథాలయంలో రోజూ జరిగే గొడవ ఒకటే. వచ్చే పేపర్లు రెండు, చదివేవాళ్ళు పదిమంది. అంచేత పేపర్ని షీట్లుగా విడదీసుకుంటారు. ఒకరి దగ్గర మొదటి షీటు, ఒకరి దగ్గర ఆటల షీటు, మధ్య షీటు సత్తిరాజుగారి దగ్గర. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైన సత్తిరాజుగారు ఆ షీటు పట్టుకుంటే అమ్మకానికి ఉన్న గేదెల దాకా చదివి గానీ వదలరు. ఆ షీటు ఆయన దగ్గర్నుంచి పక్క బల్లకి చేర్చాలి. అదీ రోబో పని.

"బండి బయల్దేరాలంటే ఎవరో ఒకళ్ళు చెప్పాలి కదండీ" అని సత్తిరాజుగారే ఆ బాధ్యత తీసుకున్నారు. "రైట్, రైట్!"

రోబో కదిలింది. నాలుగడుగులు వేసింది, తిరిగింది, చెయ్యి చాపింది, సత్తిరాజుగారి కళ్ళజోడు కిందనుంచి షీటు లాగేసుకుంది.

"ఓసినీ! ఇంకా సగం కూడా అవ్వలేదే!"

రోబోకి అదేం పట్టలేదు. వెనక్కి తిరిగి, నడిచి, గోడని గుద్దుకుంది. ఆగమని ఎవరూ రాయలేదు గనక గోడని గుద్దుకుంటూనే నడుస్తోంది. సత్తిరాజుగారు "హోల్డాన్! హోల్డాన్!" అని అరిస్తేగానీ ఆగలేదు. పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వారు. నూకరాజు చెయ్యి అలవాటుగా 'నిశ్శబ్దం' బోర్డు వైపు లేచింది. సగంలో దాన్ని దించేసుకున్నాడు. ఈ గదిలో ఇంత నవ్వు అతనెప్పుడూ వినలేదు.

"రోబోదే తప్పు" అన్నాడొక కుర్రాడు.

"నాది కాదు, కార్డుది" అంది పెట్టె లోపల్నుంచి కెజియా.

కార్డులో ఏం తప్పుందో వెతకడానికి ఆ సాయంత్రమంతా పట్టింది. చివరికి అందరూ కలిసి ఒక కార్డు రాశారు: 'చదవడం అయిందా? అయితే తీసుకో. లేకపోతే ఆగు.' ఆ కార్డు చూసి పిల్లలకంటే నూకరాజు ఎక్కువ ఆశ్చర్యపోయాడు. ఒక పని చెప్పేటప్పుడు 'లేకపోతే ఆగు' అని కూడా చెప్పవచ్చని ఇన్నేళ్ళ సర్వీసులో ఎవరూ అతనికి చెప్పలేదు.

మర్నాడు ఇంకో చిక్కు. సత్తిరాజుగారు షీటు మొహమ్మీద కప్పుకుని నిద్రపోతే చదవడం అయినట్టా, కానట్టా? దాని మీద ఇంకో కార్డు. వెళ్ళిపోయిన పిల్లలు తిరిగొచ్చారు, వాళ్ళతో ఇంకొందరు వచ్చారు. వంతులవారీగా రోబోలయ్యారు. వంతు రానివాళ్ళు ఊరుకోలేక అల్మైరాల్లోంచి పుస్తకాలు తీసి చదివారు. నూకరాజు పొద్దున్నే చొక్కా ఇస్త్రీ చేసుకుని ఆఫీసుకి వస్తున్నాడని వాళ్ళావిడ గమనించింది. అతను సంతోషంగా ఉన్నాడు. అలా ఉండటం అతనికి అలవాటు లేక, ఏదో జబ్బు చేసిందేమోనని కూడా అనుకున్నాడు.

అంత సంతోషంలో ఉన్నవాడు నివేదికలో నిజం రాసేశాడు. నివేదిక అందిన నాలుగో రోజున సర్వారాయుడుగారు జీపు దిగారు.

ఆయన కుర్చీలో కూర్చుని రోబో పని అంతా చూశారు. కార్డుల వంక చూడలేదు. అట్టపెట్టె వంకే చూశారు.

"దీనికి కరెంటు?"

"అక్కర్లేదండి."

"మరమ్మతులు?"

"ఒకసారి జలుబు చేసిందండి."

"అద్భుతం! పరికరం వినియోగించకుండా, సీలు చెదరకుండా, విద్యుత్ వ్యయం లేకుండా రోబో! ఇది మానవాధారిత రోబో!" అని లేచి నిలబడి, జేబులోంచి కాగితం తీసి నూకరాజుకి ప్రశంస చదివారు. అది ముందే టైపు చేయించి తెచ్చుకున్నది. సర్వారాయుడుగారి దగ్గర ఒక గుణం ఉంది. చేతికి కాగితం ఇస్తే అందులో ఉన్నదంతా చదివేస్తారు. "...అభినందించడమైనది. ప్రతులు: సంబంధిత శాఖలకు, రెండవ ప్రతి దస్త్రమునకు, పిన్ను తీసి జతపరచవలెను" దాకా గంభీరంగా చదివి ముగించారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. నూకరాజు అందరికంటే గట్టిగా కొట్టాడు. ఆ ప్రశంసాపత్రానికి ఫ్రేము కట్టించి గోడకి తగిలించాడు కూడా. ఎంత మూర్ఖుణ్ణో అని తర్వాత దాన్ని చూసినప్పుడల్లా అనుకునేవాడు, కానీ దించలేదు. ఫ్రేము బాగుంది.

వారం తిరక్కుండా మార్గదర్శకాలు వచ్చాయి. జిల్లాలోని శాఖలన్నీ మానవాధారిత రోబోలను సమకూర్చుకోవాలి. రోబో తుమ్మరాదు, తుమ్మినచో సాంకేతిక లోపముగా భావించవలెను. రోబోకు ఆకలి వేయుట పథకం పరిధిలోనికి రాదు. విధి నిర్వహణలో రోబో నవ్వినచో ఒక రోజు మరమ్మతునకు పంపవలెను. రోబో ఏమి చేసినను అది కార్డుల ప్రకారమే జరిగినట్లు భావించవలెను.

నూకరాజు చేతులు అన్నిటినీ అమలుపరిచాయి. తుమ్మొచ్చిన పిల్లలు బయటికి పరుగెత్తి తుమ్మి వచ్చారు.

తర్వాత కార్డుల వంతు వచ్చింది. ఒక్కో శాఖలో ఒక్కో రకం కార్డులుంటే పర్యవేక్షణకు ఇబ్బంది అని సర్వారాయుడుగారు ఒకే వరస ఆమోదించారు: అతిథి వచ్చినప్పుడు ముందుకు నడుచుట, బొకే ఇచ్చుట, నమస్కరించుట, శాలువా పళ్ళెం పట్టుకొనుట, వెనుకకు తగ్గుట. మిగతా కార్డులన్నీ రద్దు. పిల్లలు నెలరోజుల పాటు రాసిన కార్డులు నూకరాజే స్వయంగా చువ్వ లోంచి తీసి సొరుగులో పడేశాడు. సత్తిరాజుగారి షీటు మళ్ళీ సత్తిరాజుగారి దగ్గరే ఉండిపోయింది. పక్కూరి శాఖలో రోబోలు అప్పటికే పెళ్ళిళ్ళలో పన్నీరు చల్లుతున్నాయని వార్త వచ్చింది. కెజియాని కూడా రెండుసార్లు జిల్లా ఆఫీసుకి పిలిపించారు. ఒకసారి వచ్చినవాళ్ళకి టీ అందించింది. రెండోసారి ఎవరో బదిలీ అవుతుంటే దండ పట్టుకుని రెండు గంటలు నిలబడింది.

ఆఖరికి తేదీ కూడా వచ్చింది. అధ్యక్షులవారికి పళ్ళు కుదిరాయి. ఉత్తర్వు చివరి వాక్యం ఇలా ఉంది: "మానవాధారిత రోబో విజయవంతమైనందున పరికరముల పెట్టె అవసరము లేదని భావించడమైనది. ప్రారంభోత్సవం ముగిసిన వెంటనే పెట్టెను సీలు చెదరకుండా జిల్లా కార్యాలయమునకు వాపసు పంపవలెను."

ఆ ముందు రోజు సాధన అయ్యాక కెజియా అట్టపెట్టె తీసి బల్ల మీద పెట్టింది. జుట్టు చెమటకి నుదుటికి అంటుకుపోయింది.

"రేపటితో నేను మానేత్తానండి."

"అదేంటమ్మా? నువ్వే కదా మన మొదటి రోబోవి."

"ఈ కార్డులు మేం రాసినవి కాదండి. బొకేలు ఇవ్వడానికి రోబో ఎందుకండి, మనుషులు సరిపోరా?" అల్మైరా వైపు చూసింది. "ఆ చక్రాల బండిని ఒక్కసారి ముట్టుకుందామని వచ్చానండి నేను. అంతే."

ఏడవలేదు. ఏడిస్తే నూకరాజు ఏదో ఒకటి సర్దిచెప్పి ఉండేవాడు. సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. మిగతా పిల్లలు కూడా ఆ అమ్మాయి వెనకే వెళ్ళారు. గది అంతా 'నిశ్శబ్దం' బోర్డు కోరుకున్నట్టే అయిపోయింది. గ్రంథాలయం నిలబడుతుంది, కాగితాల మీద యువత వస్తూనే ఉంటుంది, ఈ పిల్లలు మాత్రం రారు. కాపాడటానికి తాను పడ్డ పాట్లన్నీ గోడల కోసమా అని నూకరాజుకి అనిపించింది.

మర్నాడు పొద్దున అందరికంటే ముందు వచ్చి తలుపులు తీశాడు. కార్డుల బీరువా ముందు కూర్చున్నాడు. రద్దయిన కార్డుల్లోంచి మూడు తీసుకున్నాడు. వెనకవైపు పిల్లలు రాసిందాన్ని కొట్టేసి, దాని కింద రాయడం మొదలుపెట్టాడు. ఈసారి బుర్ర ముందే వచ్చేసింది, చేతులే వెనకబడుతున్నాయి. మూడు కార్డులూ చువ్వకి గుచ్చి, అల్మైరా తాళం తీసి, తలుపు ఊరికే దగ్గరగా వేశాడు. కళ్ళజోడు తుడుచుకుంటూ లోపలికొచ్చిన సత్తిరాజుగారు ఇదంతా చూశారు. మధ్య షీటు తీసుకుని తన చోట కూర్చున్నారు.

పదకొండు గంటలకి రావలసిన అధ్యక్షులవారు ఒంటిగంటకి వచ్చారు. పెద్ద మనిషి, మంచి మనిషి, ఎవరు ఏది చూపిస్తే దాన్ని చూసి సంతోషించే మనిషి. అట్టపెట్టె బోర్లించుకుని రోబోగా నిలబడ్డ కెజియాని చూడగానే చేతులు జోడించారు.

"కార్డులు ఎవరు చదువుతారు?" అన్నారు సర్వారాయుడుగారు.

"తమరే చదవాలండి. అధ్యక్షులవారి సమక్షంలో ఆదేశాలు తమ నోటి నుంచి వస్తేనే పద్ధతిగా ఉంటుందండి" అన్నాడు నూకరాజు. ఈ ఒక్క వాక్యాన్నీ పొద్దుటి నుంచి మనసులో వల్లె వేసుకుంటున్నాడు.

సర్వారాయుడుగారు కళ్ళజోడు సర్దుకుని కార్డుల సొరుగు అందుకున్నారు. సత్తిరాజుగారు "రైట్, రైట్!" అన్నారు.

"ముందుకు నడువుము" అని చదివారు సర్వారాయుడుగారు. రోబో నడిచింది. "బొకే ఇమ్ము." ఇచ్చింది. "నమస్కరింపుము." నమస్కరించింది. అధ్యక్షులవారు మురిసిపోయారు. ఫోటోలు తీశారు. సర్వారాయుడుగారు ఉత్సాహంగా కార్డు తిప్పి, కాగితం మీద ఉన్నది చదివేటప్పుడు వచ్చే ఆ గంభీర స్వరంతోనే తర్వాతది చదివారు.

"అల్మైరా వద్దకు వెళ్ళుము."

అట్టపెట్టె లోపల రెండు కళ్ళు ఒక్క క్షణం నూకరాజుకేసి తిరిగాయి. నూకరాజు సీలింగు వైపు చూశాడు. రోబో అల్మైరా దగ్గరికి వెళ్ళింది.

"పెట్టెను బల్ల మీద పెట్టుము." పెట్టింది. "సీలు తీసి తెరువుము."

చదివేసి కార్డు తిప్పాక గానీ సర్వారాయుడుగారికి తాను చదివింది అర్థం కాలేదు. అప్పటికి లక్క ముక్కలై కింద పడింది.

"ఆపండి! ఆపండి!" అని అరిచారు. ఆపమని కార్డులో లేదు. 'హోల్డాన్' చెప్పాల్సిన సత్తిరాజుగారు షీటు మొహానికి అడ్డం పెట్టుకుని అమ్మకానికి ఉన్న గేదెల గురించి శ్రద్ధగా చదువుకుంటున్నారు.

మూత లేచింది. అట్టపెట్టె లోపల్నుంచి "అబ్బ!" అని వినబడింది. అది ఏ కార్డులోనూ లేని మాట.

"ఏమయ్యా, మాట్లాడుతుంది కూడానా!" అని అధ్యక్షులవారు కుర్చీలోంచి లేచిపోయారు. "ఎన్నో ప్రారంభించానయ్యా, రిబ్బన్లు కత్తిరించీ కత్తిరించీ వేళ్ళు కాయలు కాశాయి. ఒక రోబో దాని పెట్టె అదే తెరుచుకోవడం ఇప్పుడే చూస్తన్నా. ఈ ఐడియా ఎవరిది?"

సర్వారాయుడుగారు నూకరాజు వైపు చూశారు, కార్డుల వైపు చూశారు, అధ్యక్షులవారి కొత్త పళ్ళ వైపు చూశారు.

"తమ ఆశీస్సులతో... మా కార్యాలయం రూపొందించినదండి" అన్నారు.

"ఇలాంటి గ్రంథాలయాల్నా మీరు విలీనం చేస్తామంటన్నారు? బుద్ధుందా?"

విలీనం సూత్రప్రాయంగా ఆగిపోయింది.

అందరూ వెళ్ళాక చూస్తే పెట్టెలో పరికరాలన్నీ ఉన్నాయి గానీ, నెలల తరబడి లోపల మగ్గిన బ్యాటరీ సెల్లులు కారిపోయి పచ్చగా చిలుం పట్టాయి. కెజియా సాన్‌పేపరు తెప్పించి చిలుం గీకింది. గోడగడియారంలో సెల్లు తీసింది. సత్తిరాజుగారు తన చేతి రేడియో విప్పి ఇచ్చారు, నూకరాజు టార్చిలైటు ఇచ్చాడు. గడియారం ఆగిపోయింది. ఇంటికెళ్ళే వేళయిందని ఎవరికీ తెలియక ఆ రోజు అందరూ చాలాసేపు ఉన్నారు. పది రోజుల తర్వాత చక్రాల బండి మొదటిసారి కదిలి, తిన్నగా వెళ్ళి, అంతకు ముందు కెజియా గుద్దుకున్న గోడకే గుద్దుకుంది. పిల్లలు ఎంత గట్టిగా అరిచారంటే, వీధిలో వెళ్ళేవాళ్ళు ఆగి లోపలికి తొంగిచూశారు.

బండికి ఏదైనా కొత్త వరస నేర్పేముందు మనిషి చేత చేయించి చూడాలని పిల్లలు ఒక నియమం పెట్టుకున్నారు. ఎవరు రోబో అవుతారంటే కెజియా నూకరాజు వైపు చూసింది.

"సార్ అయితే బాగా చేస్తారండి" అంది. ఆ మాటలో వెటకారమేమీ లేదు, అందుకే నూకరాజుకి బాగా తగిలింది. అట్టపెట్టె తెచ్చి బోర్లించారు. పిల్లల తలలకి ఎప్పుడూ వదులుగా ఉండేది, అతని తలకి కొలిచి చేసినట్టు సరిపోయింది.

సరిగ్గా అప్పుడే తపాలా వచ్చింది. సర్వారాయుడుగారి ఉత్తర్వు. నూకరాజు అట్టపెట్టె కన్నాల్లోంచే చదివాడు. "కోనపేట విధానము ఆదర్శప్రాయమైనందున జిల్లాలోని సీలు వేసిన పెట్టెలు, బీరువాలు, నూతన భవనముల తలుపులు ఇకపై మానవాధారిత రోబో చేతనే తెరిపించవలెను. ఈ నిమిత్తం కోనపేట రోబోను అన్ని శాఖలకు డెప్యుటేషన్‌పై తక్షణమే పంపవలెను."

నూకరాజు చేతులు అలవాటుగా పెన్ను కోసం వెళ్ళాయి. కవరు మీద కెజియా పేరు రాయాలి, బస్సు కనుక్కోవాలి, పంపినట్టు జవాబు పంపాలి.

"సార్" అంది కెజియా. చేతిలో కార్డుల సొరుగు ఉంది. "మీ కార్డు ఇంకా చదవలేదండి."

"చదువమ్మా."

పిల్లలు పొద్దుట్నుంచీ కూర్చుని సార్ కోసం ప్రత్యేకంగా రాసిన కార్డు అది. కెజియా గట్టిగా చదివింది.

"కాగితం వచ్చిందా? ముందు చదువు. ఎందుకో అర్థమైందా? అయితే చెయ్యి. లేకపోతే ఆగు."

"రైట్, రైట్" అన్నారు సత్తిరాజుగారు, షీటు లోంచి తల ఎత్తకుండానే.

నూకరాజు ఉత్తర్వుని మళ్ళీ మొదటినుంచి చదివాడు. ఇంకోసారీ చదివాడు. ఎందుకో ఎంత ఆలోచించినా అర్థం కాలేదు. పెన్ను మూత పెట్టేసి, అట్టపెట్టె నెత్తిమీద ఉండగానే, కార్డులో రాసిన ప్రకారం ఆగాడు.

జిల్లా ఆఫీసు నుంచి గుర్తుచేస్తూ ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. నూకరాజు వచ్చినదాన్ని వచ్చినట్టే శ్రద్ధగా చదువుతున్నాడు. ఇంకా ఆగే ఉన్నాడు.